గిడుగు పంతులు ఓడిన పరీక్ష

ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి ఫొటోకి దండలు వేస్తాం. ఆయన ముప్పై ఏళ్లపాటు బడి పంతులుగా పనిచేశారన్న సంగతి ఆ వేదికల మీద పెద్దగా వినిపించదు. ఆయన పోరాటానికి అసలు కారణం మాత్రం పిల్లలు పరీక్షలో రాసే తెలుగు వ్యాసం.

1863లో శ్రీకాకుళం ప్రాంతంలోని పర్వతాలపేటలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోవడంతో బంధువుల ఇంట ఉండి విజయనగరంలో ఇంగ్లీషు చదువు చదివారు. గురజాడ అప్పారావు అక్కడ సహాధ్యాయి. మెట్రిక్యులేషన్ పాసై 1880లో పర్లాకిమిడి రాజావారి స్కూల్లో పంతులుగా చేరారు. బీఏ ఆ తర్వాత ప్రైవేటుగా చదువుకున్నదే.

చుట్టూ కొండల్లో సవరలు. వాళ్ల పిల్లలకు అర్థం కాని భాషలో చదువు చెప్పడం ఆయనకు నచ్చలేదు. తెలుగు తెలిసిన సవరను ఇంట్లో పెట్టుకుని వాళ్ల భాష నేర్చుకున్నారు, వాచకాలు రాశారు, సొంత ఖర్చుతో బళ్లు నడిపారు. కొండ జ్వరానికి మింగిన క్వినైన్‌తో చెవులు దెబ్బతిన్నాయి. జనం మాటలు వినడమే పనిగా పెట్టుకున్న మనిషికి వినికిడి పోయింది.

ఆ రోజుల్లోనే ఉత్తర కోస్తాకు బడుల ఇన్‌స్పెక్టరుగా జె.ఎ.యేట్స్ వచ్చారు. ఇంగ్లీషును బట్టీ పట్టించకుండా మాటల ద్వారా నేర్పాలనే పక్షం ఆయనది. తాను తెలుగు నేర్చుకోబోతే పుస్తకంలో ఒక భాష, బజారులో మరో భాష కనిపించాయి. ఎందుకిలా అని ఆరా తీశారు. గురజాడ, గిడుగు, విశాఖలో పి.టి.శ్రీనివాస అయ్యంగార్ ఆ ప్రశ్నను వదల్లేదు.

నిజమే కదా. ఇంగ్లీషు వ్యాసం రాసే కుర్రాడిని ఎవరూ చాసర్ కాలపు భాష అడగలేదు. అదే కుర్రాడు తెలుగు పేపర్లో 'వచ్చాడు' అని రాస్తే తప్పు, 'వచ్చెను' అనాలి. ఇంట్లో పుట్టిన ఆలోచనను ముందు గ్రాంథికంలోకి అనువదించుకుని, ఆపై కాగితం మీద పెట్టాలి. సొంత మాట రాయడం వాడికి ఎలా అలవాటవుతుంది?

స్కూల్ ఫైనల్ వ్యాసాల్లో వాడుక భాష రాయొచ్చని కొంతకాలం అనుమతి దొరికింది. వెంటనే జయంతి రామయ్య పంతులు, ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఎదురుతిరిగారు. గిడుగు 1913లో ఆధునిక తెలుగు మీద ఇంగ్లీషులో ఒక మెమొరాండం ప్రచురించారు. ఆయన ఎత్తు సరదాగా ఉండేది: గ్రాంథికవాదుల రచనలే తీసుకుని, వాళ్ల వ్యాకరణం ప్రకారమే వాటిలో తప్పులు ఏరి చూపేవారు. పండితులకే పట్టుబడని భాష పదిహేనేళ్ల పిల్లాడికి ఎలా వస్తుందన్నది అందులోని ఎత్తిపొడుపు. అయినా ప్రభుత్వం ఒత్తిడికి తలొగ్గి అనుమతి వెనక్కి తీసుకుంది. 1915లో గురజాడ కూడా పోయారు.

గిడుగు ఆగలేదు. అప్పటికే రిటైరయ్యారు. 1919లో 'తెలుగు' అనే పత్రిక పెట్టారు, ఊరూరా తిరిగి వాదించారు. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలవగానే ఆ ఊరు వదిలి రాజమండ్రి చేరారు. 1940 జనవరి 22న కన్నుమూశారు. అప్పటికే కథలు వాడుక భాషలోకి వచ్చేశాయి. బడి పుస్తకాలు మాత్రం స్వాతంత్ర్యం వచ్చాక కూడా చాలా ఏళ్లు 'వచ్చెను' దగ్గరే ఉండిపోయాయి.