సలీం అలీ: కలివికోడి కోసం కడప వైపు చూసిన కళ్లు

పక్షుల గురించి మాట వస్తే మన దేశంలో ముందుగా గుర్తొచ్చే పేరు డాక్టర్ సలీం అలీ. 1896 నవంబర్ 12న ముంబైలోని సులేమానీ బోహ్రా కుటుంబంలో పుట్టారు. ఏడాది నిండగానే తండ్రి, మూడేళ్లకే తల్లి పోయారు. మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ ఇంట్లో పెరిగారు. మామ ఇచ్చిన ఎయిర్ గన్‌తో ఒకరోజు పిచ్చుకను కొట్టారు. దాని గొంతు మీద పసుపు మచ్చ ఉంది. అదేం పిట్టో తెలుసుకుందామని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి వెళ్లారు. అక్కడ కార్యదర్శి మిల్లార్డ్ ఆ పిల్లాడికి అరల నిండా ఉన్న పక్షుల నమూనాలు చూపించారు. వేట సరదా అలా చదువు వైపు మళ్లింది.

దారి మాత్రం సాఫీగా లేదు. బర్మాలో గనులు, కలప వ్యాపారం చూసుకున్నారు, కలిసిరాలేదు. యూనివర్సిటీ డిగ్రీ లేదని ప్రభుత్వ సంస్థలో ఉద్యోగం దక్కలేదు. ముంబై మ్యూజియంలో గైడ్‌గా చేరి, సెలవు పెట్టి బెర్లిన్ వెళ్లి స్ట్రెస్‌మన్ దగ్గర పక్షిశాస్త్రం నేర్చుకున్నారు. తిరిగొచ్చేసరికి ఆ ఉద్యోగమూ లేదు.

అప్పుడాయన ఒక ఉపాయం చేశారు. ఖర్చులు భరిస్తే చాలు, జీతం లేకుండా పక్షుల సర్వే చేసిపెడతానని సంస్థానాలకు చెప్పారు. అలా 1931-32లో నిజాం రాజ్యంలో హైదరాబాద్ సర్వే జరిగింది. భార్య తహ్మినా అడవి గుడారాల్లో ఆయన వెంటే ఉన్నారు. 1939లో ఆమె చనిపోయాక ఆయన మళ్లీ పెళ్లి చేసుకోలేదు. 1941లో భారతీయ పక్షుల పుస్తకం తెచ్చారు. ఆ తర్వాత డిల్లన్ రిప్లీతో కలిసి పది సంపుటాల గ్రంథం రాశారు. 1976లో పద్మవిభూషణ్ వచ్చింది.

రాయలసీమకు ఆయనతో ఉన్న బంధం రెండు పిట్టల వల్ల. మొదటిది బట్టమేక పిట్ట. దీన్నే జాతీయ పక్షి చేయాలని సలీం అలీ పట్టుబట్టారు, కానీ 1963లో నెమలికి ఆ గౌరవం దక్కింది. కర్నూలు ప్రాంతంలోని రోళ్లపాడు గడ్డిభూముల్లో 1980లలో ఆయన సొసైటీ పరిశోధకులు మకాం వేసి ఈ పిట్టను గమనించారు. 1988లో అది అభయారణ్యం అయింది.

రెండోది కలివికోడి. 1900లో అనంతపురం దగ్గర చూశాక మళ్లీ ఎవరికీ కనపడలేదు. 1970లలో వెతికినా దొరకలేదు. అంతరించిందనే అందరూ అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లెలో, సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్‌కు ఒక స్థానిక వేటగాడు సాయం చేయడంతో అది దొరికింది. అది రాత్రిపూట తిరిగే పిట్ట, పగలు వెతికితే ఎలా కనపడుతుంది? ఊరివాళ్లకు తెలిసిన సంగతే శాస్త్రానికి దారి చూపింది. అప్పటికి సలీం అలీకి 89 ఏళ్లు. మరుసటి ఏడాది, 1987 జూన్ 20న ఆయన కన్నుమూశారు. కలివికోడి కోసం శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం 1988లో ఏర్పడింది.

కథ అక్కడితో ముగియలేదు. ముళ్లపొదల నేల మీదుగా తెలుగుగంగ కాలువ తవ్వబోతే, పక్షి కోసం దాని దారి మార్చాల్సి వచ్చింది. పొదల మధ్య మట్టి పరిచి అడుగుజాడలు చూడటం, కెమెరాలు పెట్టడం, రాత్రిళ్లు కూత వినడం ఇప్పటి పద్ధతులు. నల్లమల నుంచి లంకమల మీదుగా శేషాచలం దాకా పెద్దపులి నడవడానికి దారి మిగలాలన్నా ఈ పొదలు, కొండలు తెగిపోకుండా ఉండాలి. పిట్టకు పనికొచ్చే నేలే చిరుతకూ, ఎలుగుబంటికీ ఆసరా.

రోళ్లపాడులో మాత్రం చేదు పాఠం ఉంది. చుట్టూ సాగునీరు వచ్చి పంటలు మారాయి, కృష్ణ జింకలు పెరిగి చేలలో పడ్డాయి, రైతులు నష్టపోయారు. బట్టమేక పిట్ట కనుమరుగైంది. గడ్డినేలను బంజరు అనుకుంటే ఏం పోతుందో అక్కడ చూడొచ్చు. కంచె వేసి బోర్డు పెడితే సరిపోదు, చుట్టుపక్కల రైతు కడుపు కూడా చూడాలి. కలివికోడిని చూపించింది ఊరి మనిషే. దాన్ని నిలబెట్టాలన్నా ఆ ఊళ్లే తోడు కావాలి.