మిణుగురుకు చమురు పోసినవాడు

1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు, మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టిన పాపానికి ఎం.బి.బి.ఎస్. దక్కక ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకున్నారు. తర్వాత బోస్టన్ చేరి, పొట్టకూటికి ఆసుపత్రిలో రాత్రిపూట చాకిరీ చేశారు. హార్వర్డులో ఫిస్కేతో కలిసి 1929లో కండరంలో ఏ.టి.పి.ని పట్టుకున్నారు. (జర్మనీలో లోమన్ కూడా అదే ఏడు!) అయినా అక్కడ స్థిరమైన ఉద్యోగమివ్వలేదు. అది అన్యాయమే. 1940లో లెడర్లీకి వెళ్ళిపోయారు.

మిణుగురులోని లూసిఫెరేజు వెలగాలంటే ఆ ఏ.టి.పి. ఉండాలని 1947లో మెకెల్‌రాయ్ తేల్చాడు. మరుసటి ఏడే సుబ్బారావు గారు పోయారు.

మన సైబరాబాదు దీపాల మధ్య మిణుగురు కనబడదు గానీ, జీవశాస్త్ర ప్రయోగశాలల్లో దాని జన్యువును కణంలో ఒక సంకేతానికి లోబడేట్టు అమరుస్తారు. సంకేతం అందితే లూసిఫెరేజు తయారవుతుంది. లూసిఫెరిన్ పోసి వెలుగు కొలుస్తారు. బతికున్న కణంలో ఏ.టి.పి. మాత్రం పోయనక్కర్లేదు, అక్కడే ఉంటుంది.