ఒకే గాడిలో రెండు గొంతులు

సిడ్నీకి దక్షిణంగా, అడవి మధ్య దారిలో గంటసేపు కారులో వెళ్తే హెలెన్స్‌బర్గ్ వస్తుంది. బొగ్గు గని పుణ్యమా అని వెలిసిన చిన్న ఊరది. 1985లో అక్కడ శ్రీ వేంకటేశ్వర స్వామి గుడి వెలిశాక మనవాళ్లకు అదే చిన్న తిరుపతి అయింది. ఆ గుడికి వచ్చేవాళ్లలో పాత ఎల్పీ రికార్డుల పిచ్చి ఉన్నవాళ్లూ కొందరున్నారు. నాన్నగారు దాచుకున్న ఘంటసాల రికార్డులను బట్టల మధ్య చుట్టి ఇండియా నుంచి తెచ్చుకున్నవాళ్లు, ఇక్కడి పాత సామాన్ల దుకాణాల్లో చవగ్గా టర్న్‌టేబుల్ కొనుక్కున్నవాళ్లు. ప్రసాదం తింటూ వాళ్లు మమ్మల్ని తరచూ అడిగే సంగతి ఒకటుంది. కొత్త కార్ట్రిడ్జ్ కొంటే డబ్బా మీద చానల్ సెపరేషన్ 25 డెసిబెల్స్ అనో, 30 అనో రాసి ఉంటుంది. ఇంతకీ అదేమిటి, దాని కోసం డబ్బెక్కువ పెట్టాలా అని.

దీనికి జవాబు చెప్పాలంటే ఒక మనిషి గురించి చెప్పుకోవాలి. ఆయన పేరు అలన్ డవర్ బ్లమ్‌లైన్. మన ఇళ్లలో రెండు స్పీకర్లు పెట్టుకుని వినే స్టీరియోకు దారి వేసింది ఆయనే.

బ్లమ్‌లైన్ 1903 జూన్ 29న లండన్‌లోని హాంప్‌స్టెడ్‌లో పుట్టారు. తండ్రి జర్మనీలో పుట్టి బ్రిటన్ పౌరసత్వం తీసుకున్న గనుల ఇంజినీరు. తల్లి దక్షిణాఫ్రికాలో స్థిరపడిన స్కాట్లాండ్ మిషనరీ కుటుంబం అమ్మాయి. అంటే ఆయనదీ మనలాగే పొట్ట చేతపట్టుకుని దేశాలు దాటిన కుటుంబమే. ఏడేళ్లప్పుడు ఇంట్లో కాలింగ్ బెల్ చెడిపోతే పిల్లాడే బాగుచేసి, పేరు కింద ఎలక్ట్రికల్ ఇంజినీర్ అని రాసుకుని తండ్రికి బిల్లు ఇచ్చాడట. చదువులో మాత్రం వెనకబాటే. పన్నెండేళ్లు వచ్చేదాకా పుస్తకం సరిగ్గా చదవడం రాలేదని చెబుతారు. అలాంటి పిల్లాడు 1923లో లండన్ సిటీ అండ్ గిల్డ్స్ కాలేజీ నుంచి ఫస్ట్ క్లాసులో ఇంజినీరింగ్ పట్టా తీసుకున్నాడు.

1924లో చేరిన ఉద్యోగం టెలిఫోన్ కంపెనీలో, ఇంటర్నేషనల్ వెస్టర్న్ ఎలక్ట్రిక్‌లో. ఇక్కడ కాస్త ఆగాలి. ఎందుకంటే ఆయన తర్వాత చేసిన పనికి విత్తనం ఇక్కడే పడిందని మా అభిప్రాయం. పాత రోజుల్లో గల్ఫ్ నుంచో సింగపూర్ నుంచో ఇంటికి ఫోన్ చేసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. అమ్మతో మాట్లాడుతుంటే మధ్యలో ఎవరిదో గొంతు సన్నగా వినిపించేది. నిమిషానికింత అని డబ్బు కట్టి, పక్కవాళ్ల సంసారం విన్నట్టుండేది. దాన్నే క్రాస్‌టాక్ అంటారు. ఒకే కేబుల్‌లో పక్కపక్కనే పోయే తీగల్లో ఒకదాని కరెంటు ఇంకొకదానిలోకి కొద్దికొద్దిగా కారుతుంది. బ్లమ్‌లైన్ తన సహోద్యోగి జాన్స్‌తో కలిసి, ఆ కారడాన్ని తగ్గించే లోడింగ్ కాయిల్స్ తయారుచేశారు. దూరపు లైన్లలో అవి దశాబ్దాల పాటు పనిచేశాయి. పక్కవాడి మాట మన మాటలో కలవకుండా చూడటమే ఆయన తొలి కొలువులో నేర్చిన విద్య.

1929లో కొలంబియా గ్రాఫోఫోన్ కంపెనీకి మారారు. అక్కడి పెద్ద ఐజాక్ షోయెన్‌బర్గ్, రష్యా నుంచి వలస వచ్చినాయన. రికార్డు మీద గాడి కోసే యంత్రానికి అమెరికా వాళ్లకు బోలెడు రాయల్టీ కట్టాల్సి వస్తోంది, ఆ పేటెంటు తగలకుండా కొత్తది చెయ్యమన్నారు. బ్లమ్‌లైన్ చేసి చూపించారు. అది పాతదానికన్నా బాగా పనిచేసింది కూడా. 1931లో కొలంబియా, హెచ్ఎంవీ గ్రామఫోన్ కంపెనీ కలిసి ఈఎంఐ అయ్యాయి. కుక్క బొమ్మ రికార్డులు మనందరికీ తెలుసు కదా, ఆ కంపెనీయే.

అదే ఏడాది కాబోయే భార్య డోరీన్ లేన్‌తో సినిమాకు వెళ్లారు. తెర మీద నటుడు ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తున్నాడు, గొంతు మాత్రం ఒకే స్పీకరు నుంచి, ఉన్నచోటు నుంచే వస్తోంది. దీనికి తన దగ్గర మందుందని ఆమెతో చెప్పారట. 1931 డిసెంబరు 14న పేటెంటుకు దరఖాస్తు పెట్టారు. నంబరు 394325, అందులో 70 అంశాలు. రెండు మైకులు ఎలా పెట్టాలి, రెండు స్పీకర్లు ఎలా వాడాలి అన్నదొక్కటే కాదు, రెండు చానళ్లను ఒక్క గాడిలో ఎలా దాచాలో కూడా అందులో ఉంది. మన ప్రశ్నకు జవాబు ఆ గాడిలోనే ఉంది.

గాడిని పొలం కాలువ అనుకోండి. దానికి రెండు గట్లు. ఒక్కో గట్టు రికార్డు ఉపరితలానికి 45 డిగ్రీల వాలులో ఉంటుంది, అంటే రెండు గట్ల మధ్య సరిగ్గా 90 డిగ్రీలు. లోపలి గట్టు మీద ఎడమ చానల్, బయటి గట్టు మీద కుడి చానల్. కిటుకంతా ఆ 90లోనే ఉంది. ఒక గట్టు ముల్లును నెట్టే దిక్కు, రెండో గట్టు వెంట జారే దిక్కు ఒకటే. కాబట్టి ఎడమ పాట ముల్లును కదిపినప్పుడు అది కుడి గట్టును రాసుకుంటూ జారుతుందే తప్ప దాన్ని కదపదు. కార్ట్రిడ్జ్‌లో రెండు కాయిల్స్‌నూ అదే కోణాల్లో అమర్చితే ఎవరి పాట వాళ్లకు చేరుతుంది.

ఇది కాగితం మీద లెక్క. నిజంలో ముల్లు, కాయిల్, అయస్కాంతం ఏదీ అంత కచ్చితంగా కుదరదు. ఎడమ పాట కొంత కుడి తీగలోకి కారుతుంది. ఎంత తక్కువ కారితే అంత చానల్ సెపరేషన్ అన్నమాట. 20 డెసిబెల్స్ అంటే కారింది అసలులో పదో వంతు. 25 అంటే సుమారు 18వ వంతు, 30 అంటే 32వ వంతు. డబ్బా మీద రాసే అంకె సాధారణంగా 1000 హెర్ట్జ్ దగ్గర కొలిచింది. తాళాలు, గజ్జెల్లాంటి సన్నటి శబ్దాల దగ్గర అది తగ్గిపోతుంది.

డబ్బు ఖర్చు పెట్టే ముందు ఇంకొకటి చూసుకోవాలి. ముల్లు గాడిలో నిటారుగా నిలవాలి. పక్కకు ఒక్క డిగ్రీ ఒరిగితే కారేది 57వ వంతు, పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. అయిదు డిగ్రీలు ఒరిగితే సుమారు పదకొండో వంతు కారుతుంది, అంటే 21 డెసిబెల్స్. అప్పుడు 30 అని రాసిన ఖరీదైన కార్ట్రిడ్జ్ కొన్నా ఆ డబ్బు దండగే. రికార్డు బదులు చిన్న అద్దం ముక్క పెట్టి ముల్లు దించి ఎదురుగా చూడండి. కార్ట్రిడ్జ్, దాని నీడ ఒకే నిలువు గీతలో కనబడాలి. మా చెవికైతే 25 దాటాక తేడా పట్టుకోవడం కష్టమే. ఇక ఘంటసాల సినిమా పాటల రికార్డుల్లో ఎక్కువ భాగం మోనోవే. వాటిలో ముల్లు అటూ ఇటూ మాత్రమే ఊగుతుంది, రెండు గట్లదీ ఒకే పాట. వాటికి సెపరేషన్‌తో పనే లేదు. ఆంప్లిఫయర్‌లో మోనో బటన్ ఉంటే నొక్కండి, పైకీ కిందకీ ఊగించే దుమ్ము చప్పుడు చాలావరకు పోతుంది. మోనో రికార్డులనూ, స్టీరియో రికార్డులనూ ఒకే ముల్లుతో వాయించుకోగలుగుతున్నామంటే అదీ ఈ 45 డిగ్రీల పుణ్యమే.

1934 జనవరిలో లండన్ అబీ రోడ్ స్టూడియోలో థామస్ బీచమ్ నడిపిన మోజార్ట్ సింఫనీని బ్లమ్‌లైన్ బృందం స్టీరియోలో రికార్డు చేసింది. కానీ కంపెనీకి అది అప్పట్లో వ్యాపారంగా కనబడలేదు. ఆయన్ని టీవీ పనికి మళ్లించారు. 1936 నవంబరులో బీబీసీ లండన్‌లో టీవీ ప్రసారాలు మొదలుపెట్టినప్పుడు రెండు పద్ధతులు పోటీ పడ్డాయి. ఒకటి ఈఎంఐ వాళ్లది, రెండోది జాన్ లోగీ బేర్డ్‌ది. 1937 ఫిబ్రవరికల్లా బేర్డ్ పద్ధతిని ఆపేశారు. అన్నట్టు ఆ బేర్డ్‌దీ హెలెన్స్‌బర్గే! మనది కాదు లెండి, స్కాట్లాండ్‌లోది.

తర్వాత యుద్ధం వచ్చింది. రాత్రిపూట, మబ్బుల్లో కూడా కింద నేలను బాంబర్‌లో చూపించే రాడార్ తయారీలో బ్లమ్‌లైన్‌ను పెట్టారు. దాని గుప్తనామం హెచ్2ఎస్. 1942 జూన్ 7న దాన్ని పరీక్షించడానికి హాలిఫాక్స్ విమానంలో వెళ్లారు. కుడివైపు చివరి ఇంజినుకు మంటలు అంటుకుని, హెరెఫోర్డ్‌షైర్‌లో వెల్ష్ బిక్‌నర్ దగ్గర విమానం కూలిపోయింది. ఉన్న 11 మందీ చనిపోయారు, అందులో ఈఎంఐ సహోద్యోగులు ఇద్దరు. విచారణలో తేలిందేమంటే, ఇంజినులో ఒక్క నట్టు సరిగ్గా బిగించలేదు. మన పాఠకుల్లో మెకానిక్‌లు చాలామంది ఉన్నారు, వాళ్లకు ఇంతకన్నా విడమరచి చెప్పక్కర్లేదు.

అప్పటికి ఆయనకు 38 ఏళ్లు. ఇద్దరు చిన్న కొడుకులు. పేరు మీద 128 పేటెంట్లు. చేస్తున్న పని రహస్యం కాబట్టి చావు వార్త కూడా చాలాకాలం పేపర్లలో రానివ్వలేదు. దేశానికి అంత చేసినాయన ఎలా పోయాడో నలుగురికీ చెప్పుకునే వీలు కూడా ఆ ఇంటికి లేకపోయింది. 1957లో అమెరికాలో వెస్ట్రెక్స్ కంపెనీ 45 డిగ్రీల గాడి పద్ధతిని బయటపెట్టింది. మరుసటి ఏడాదికల్లా లోకమంతా స్టీరియో రికార్డులు వచ్చాయి. అప్పటికి బ్లమ్‌లైన్ పేటెంటు గడువు తీరిపోయింది, ఎవరూ ఆయనకు పైసా కట్టక్కర్లేదు. అమెరికా వాళ్లే కనిపెట్టారని చాలామంది అనుకున్నారు.

పేరు మెల్లగా బయటికొచ్చింది. 1977లో ఆయన ఉన్న ఈలింగ్ ఇంటికి నీలం ఫలకం పెట్టారు. 2015లో అబీ రోడ్‌లో ఇంజినీర్ల సంఘం ఐట్రిపుల్‌ఈ ఫలకం పెట్టింది. 2017లో టెక్నికల్ గ్రామీ ఇచ్చారు, ఆయన పోయిన 75 ఏళ్లకు. వీలున్నవాళ్లు ఆయన బృందం 1935లో తీసిన చిన్న ఫిల్ము వెతికి చూడండి, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని. హేస్ రైల్వే స్టేషన్‌లో రైళ్లు పోతుంటాయి, వాటి చప్పుడు ఒక చెవి దగ్గర మొదలై రెండో చెవి దాకా పోతుంది.