రాబర్ట్ బాయిల్ దొర

రాబర్ట్ బాయిల్ దొర 1627 జనవరి 25న ఐర్లండులోని లిస్మోరు కోటలో గొప్ప ప్రభువు కుమారుడుగా జన్మించెను. బాల్యమున జెనీవాలో చదువుచుండగా ఒక రాత్రి ఉరుములు మెరుపులు ఆయనను వణికించెను. తీర్పుదినమునకు తాను సిద్ధముగా లేనని గ్రహించి దేవునివైపు తిరిగెను. తరువాత సందేహములు వేధించినను విశ్వాసమును విడువలేదు.

మట్టి, నీరు, గాలి, నిప్పు అను నాలుగే మూలపదార్థములని అనేక పండితులు నమ్ము దినములవి. 1661లో బాయిల్ ఆ మాటను ప్రశ్నించుచు ఒక గ్రంథము వ్రాసెను. మరి దేనిగాను విడదీయరానిది మూలకము; మూలకములు ఏకమై ఏర్పడినది సమ్మేళనము. అయితే ఇవే మూలకములని పేర్లు చెప్పుటకు ఆయన తొందరపడలేదు. 1789లో ఫ్రాన్సు దేశస్థుడగు లవోజియే ఆ పట్టిక వ్రాసెను.

సెంటినరీ కాలనీ వారికి బొగ్గే సాక్ష్యము. బొగ్గులో అధికభాగము కర్బనము; అది మూలకము. మండినప్పుడు ప్రాణవాయువుతో కూడి బొగ్గుపులుసు గాలియగును, ఇది సమ్మేళనము. మలాకీ మూడవ అధ్యాయములోని కొలిమిని తలంచుడి. అగ్ని వెండి మష్టును తీయును గాని వెండిని విడదీయజాలదు. వెండియు మూలకమే.

1680లో రాయల్ సొసైటీ వారు బాయిల్‌ను అధ్యక్షునిగా ఎన్నుకొనిరి. ప్రమాణము చేయుటకు మనస్సాక్షి ఒప్పనందున ఆయన ఆ పదవి వద్దనెను. సంఘ ఎన్నికలలో మన పోట్లాటలెరిగినవారికి ఇది చిన్న సంగతి కాదు. ఐరిష్ భాషలో బైబిలు అచ్చువేయుటకు మాత్రము తన ధనము ధారాళముగా వెచ్చించెను. పాత నిబంధన 1685లో వెలువడెను. ఆయన వివాహమాడలేదు, లండనులో సహోదరి కేథరిన్ యింట నివసించెను. 1691 డిసెంబరులో ఆమె గతించిన వారము దినములకే ఆయనయు ప్రభువునందు నిద్రించెను.