మన పొరుగూరి పేరు మోసిన మహాగాయకుడు

ఉగాది సంచికకు ఏదైనా వ్రాసి ఇవ్వవలసిందని సంఘం పెద్దలు సెలవిచ్చారు. రైల్వే ఆఫీసులో టిక్కెట్టు లెక్కలు వ్రాసుకునే మాకు సాహిత్యపు లెక్కలు అంతగా తెలియవు. అయినా చిన్ననాటి నుండి మా ఇంట దేవుడి పాట వంటి గొంతుక ఒకటున్నది. ఆ గొంతుక చిత్తూరు నాగయ్యగారిది.

కాట్పాడిలో పాకాల బండి ఎక్కితే దారిలోనే చిత్తూరు వస్తుంది. 1911 వరకు అది మన ఉత్తరార్కాటు జిల్లాలోనిదే. కాబట్టి ఆయనను పరాయివారనుకొనే పని మన కావేరిపాక్కం వారికి లేదు.

నాగయ్యగారి ఇంటి పేరు ఉప్పలదడియం. 1904లో గుంటూరు సీమలో పుట్టారు. ఊరు మారి ఇటు వచ్చిన కుటుంబం వారిది, మన కుటుంబాల వలెనే. చిత్తూరులో రామవిలాస సభవారి నాటకాలలో పాడుతూ పేరు తెచ్చుకున్నారు. సారంగధరలో చిత్రాంగి వేషం కట్టి మెప్పించారు. పుట్టిన ఊరు ఒకటి, పేరు తెచ్చిన ఊరు మరొకటి. బ్రతుకు తెరువు కోసం వచ్చిన ఊరే ఇంటి పేరును మించిపోయింది. మనకింతకంటె ధైర్యం చెప్పే సంగతి ఏముంటుంది?

1938లో రోహిణీ వారి గృహలక్ష్మితో ఆయన చిత్రసీమలో ప్రవేశించారు. అప్పటికి ముప్పది నాలుగేండ్లు. నాయకుడుగా పైకి రావడానికి అది ఆలస్యమైన వయస్సే. మరుసటి యేడు శ్రీ బి. ఎన్. రెడ్డిగారు వాహినీ సంస్థ పక్షాన వందేమాతరం తీసి, నాయక పాత్రను ఆయనకిచ్చారు.

ఆ వాహినీ బృందాన్ని గురించి కొంచెం చెప్పాలి. దర్శకత్వానికి బి. ఎన్. రెడ్డి, ఛాయాగ్రహణానికి రామ్‌నాథ్, కళకు శేఖర్, పాటలకు సముద్రాల రాఘవాచార్య, నిర్మాణ వ్యవహారాలకు కె. వి. రెడ్డి, నటనకూ సంగీతానికీ నాగయ్య. వీరిలో తెలుగువారున్నారు, తమిళులున్నారు. అన్నదమ్ముల వలె కలిసి పనిచేశారు. వందేమాతరం తర్వాత 1940లో సుమంగళి, 1941లో దేవత వచ్చాయి. సుమంగళిలో నాగయ్యగారు నడివయస్సుకు రాకముందే వృద్ధ సంస్కర్త వేషం వేసి అందరినీ ఆశ్చర్యపరిచారు. 1942లో యుద్ధపు గడబిడల నడుమ తయారైన భక్త పోతనతో ఆయన ఇంటింటి మనిషి అయిపోయారు. ఆ చిత్రంతో కె. వి. రెడ్డిగారు దర్శకులయ్యారు.

అంతటి జట్టు కూడ కలకాలం నిలువలేదు. రామ్‌నాథ్, శేఖర్‌గార్లు జెమినీ స్టూడియోకు వెళ్ళారు. నాగయ్యగారు సొంతంగా చిత్రాలు తీయబూనారు. 1945లో స్వర్గసీమకు, 1947లో యోగి వేమనకు మరల వాహినీ గడప త్రొక్కినా మొదటి కూటమి తిరిగి కుదరలేదు. దానిని తలచి ఈనాటికీ నిట్టూర్చే అభిమానులున్నారు. అయితే ఒక తియ్యని సంగతి ఉన్నది. 1950లో పక్షిరాజా వారు విక్టర్ హ్యూగో నవలను తమిళంలో ఏళై పడుం పాడు, తెలుగులో బీదల పాట్లు అనే పేర్లతో తీశారు. దానికి దర్శకుడు ఆ రామ్‌నాథ్‌గారే, నాయకుడు మన నాగయ్యగారే. పాత మిత్రులిద్దరూ ఆ విధంగా మరల కలుసుకున్నారు. తమిళనాట ఆ చిత్రాన్ని మరచినవారు తక్కువ.

1946 నాటి త్యాగయ్య ఆయన జీవితానికి శిఖరం. దర్శకత్వం, సంగీతం, ప్రధాన పాత్ర మూడూ తామే వహించారు. తెలుగు మాటలలో పాడుకొని తమిళదేశంలో జీవించిన త్యాగరాజస్వామిని, తెలుగునాట పుట్టి తమిళనాట స్థిరపడిన నాగయ్యగారే నటించడం తగినట్లే ఉన్నది. అంతకు ముందు యేడు తమిళ మీరాలో ఎం. ఎస్. సుబ్బులక్ష్మిగారి సరసన రాణాగా నటించారు. అవకాశాల కోసం తిరుగుతున్న ఘంటసాలగారికి ఆ రోజులలో తమ చిత్రాలలో చిన్న వేషాలిచ్చి ఆదుకున్నవారిలో ఆయన ఒకరు.

ఇక కష్టాలు. నాగయ్యగారి చేతికి ఎముక లేదు. ఇంటికి వచ్చినవాడు భోజనం చేయక వెళ్ళరాదు, అడిగినవాడు వట్టి చేతులతో మరలరాదు. సంపాదించినప్పుడు లెక్క చూడలేదు, సొంత చిత్రాలలో పోయినప్పుడూ చూడలేదు. 1964లో తీసిన రామదాసు ఆయనను మరింత క్రుంగదీసింది. మరుసటి యేడు పద్మశ్రీ బిరుదు వచ్చింది కాని బిరుదుతో బాకీలు తీరవు గదా! ఒకనాడు చిత్రానికి ప్రాణమైన మనిషి, చివరి రోజులలో తండ్రి వేషాలు, తాత వేషాలు, ఏది వస్తే అది వేసి పొట్ట పోసుకున్నారు. వేషం చిన్నదైనా మర్యాద తగ్గనీయలేదు. 1973 డిసెంబరు 30వ తేదీన మద్రాసులో కన్నుమూశారు. తరువాత పానగల్ పార్కులో విగ్రహం నిలిపారు.

లెక్కలు వ్రాసే ఉద్యోగంలో ఉన్నందున మాకొకటి తోచింది. ఆయన ఇచ్చినదంతా ఒక ప్రక్క, మనం ఆయనకిచ్చినదంతా మరొక ప్రక్క వేస్తే ఆ పద్దు ఈనాటికీ సరిపోదు. చప్పట్లు కొట్టినవారు లక్షలున్నారు, అవసరానికి తలుపు తట్టి యోగక్షేమం అడిగినవారు కొద్దిమంది. అభిమానమంటే విగ్రహానికి దండ వేయడం మాత్రమే కాదు, మనిషి బ్రతికి ఉన్నప్పుడు కనుక్కొనడం. మన చుట్టూ హరికథలు చెప్పినవారు, హార్మోనియం వాయించినవారు, భజన నేర్పినవారు ముసలితనంలో ఉన్నారు. ఈ పండుగకు వారి ఇంటికి ఒక పూట వెళ్ళి, ఉగాది పచ్చడి చేతికిచ్చి, కావలసినది కనుక్కుందాము.

మా తాతగారు కొట్టాయి సినిమాలో ఇసుక మీద కూర్చుండి త్యాగయ్య చూశారట. మొన్న మా ఇంట ఆ పాట వినిపిస్తుండగా మా పిల్లవాడు ఆట మాని నిలబడి, పాడేది ఎవరని తమిళంలో అడిగాడు. మేము తెలుగులో చెప్పాము. వాడు కూర్చుండి చివరిదాకా విన్నాడు. పద్దులో ఆ కాస్త జమ పడిందని మాకు సంతోషమైంది.