నేల ఋణము తీర్చినవాడు: సర్ ఆల్బర్ట్ హోవర్డు జీవితము

భిలాయి ఉక్కునగరము దాటి దుర్గు జిల్లా పొలములలోనికి పోయినవారికి వరికోతలకు ముందు ఒక విశేషము కనబడును. పైరు ఇంకను నిలిచియుండగనే, మడిలో తేమ ఆరకమునుపే, రైతు వరిదుబ్బుల నడుమ తివ్‌రా గింజలు చల్లును. ఛత్తీస్‌గఢ్ ప్రజలు దీనిని ఉతేరా అందురు. ఇందులో దుక్కి లేదు. నాగలి కదలకయే రెండవ పంట మొలకెత్తును. ఉద్యోగములకై భిలాయికి వచ్చి స్థిరపడిన తెలుగువారికి ఇది క్రొత్త కాదు. కృష్ణా డెల్టా మాగాణులలో వరికోతకు ముందు మినుములు, పెసలు చల్లు పద్ధతియు ఇట్టిదే.

అయితే దున్నని నేలకు ఆహారమెట్లు అందును? దున్నినచో ఎరువు మట్టిలో కలియును. దున్నకున్నచో పైననే నిలుచును. ఈ ప్రశ్నను ఆలోచించువారు సర్ ఆల్బర్ట్ హోవర్డు జీవితమును తెలిసికొనుట మేలు. ఆయన నాగలిని మాన్పించినవాడు కాడు. నేల దేనిచేత జీవించునో భారతదేశపు రైతులయొద్ద నేర్చుకొని లోకమునకు తెలిపినవాడు.

ఆయన 1873వ సంవత్సరము డిసెంబరు 8వ తేదీన ఇంగ్లండు దేశమున ష్రాప్‌షైర్ ప్రాంతపు కృషీవల కుటుంబమున జన్మించెను. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున ప్రకృతి శాస్త్రములు చదివి, వెస్టిండీసు ద్వీపములలో మొక్కల తెగుళ్లను పరిశోధించు ఉద్యోగమున ప్రవేశించెను. అచ్చట ఆయన మనస్సున ఒక అసంతృప్తి పుట్టెను. తాను వ్యాధిని గూర్చి ఎంతయో ఎరుగును. కాని తన సలహాను తానే పరీక్షించి చూచుటకు స్వంతముగా సాగుచేయు భూమి లేదు. రైతు చేయవలసినదానిని తాను చేయకయే చెప్పుట ఆయనకు న్యాయముగా తోచలేదు.

1905వ సంవత్సరమున ఆయన బీహారులోని పూసా వ్యవసాయ పరిశోధనాలయమునకు వచ్చెను. ఆ సంవత్సరమే వృక్షశాస్త్రజ్ఞురాలైన గాబ్రియెల్ మత్తెయిని వివాహమాడెను. ఆమె ఆయన గృహమునకు మాత్రమే గాక పరిశోధనకును సహధర్మచారిణి యయ్యెను. వారిరువురి కృషివలన పూసా 4, పూసా 12 అను పేరొందిన గోధుమ వంగడములు వెలువడెను.

పూసాలో 75 ఎకరముల భూమి ఆయనకు లభించెను. చుట్టుపట్ల గ్రామములలో మందులు చల్లకయే పైరులు ఆరోగ్యముగా నుండుట చూచి ఆయన ఆశ్చర్యపడెను. బోధింప వచ్చిన అధికారి అప్పుడు శిష్యుడాయెను. రైతులను గురువులుగా నెంచి, చీడపీడలను సహితము నేల లోపమును చూపు ఉపాధ్యాయులుగా నెంచెను. రైతులు ధాన్యముతో కలిపి కందులు విత్తుటకు కారణమేమని విచారించి, వేళ్లను త్రవ్వి చూచెను. నాగలికి అందని లోతున కందివేళ్లు నేలను గుల్లపరచి గాలి చొరనిచ్చుచున్నవని గ్రహించెను.

పరిశోధనాలయములందు ఒకరు నేలను, ఒకరు కీటకములను, మరియొకరు మొక్కను వేరువేరుగా చూచు విధానము ఆయనకు సరిపడలేదు. 1924వ సంవత్సరమున ఇందూరులో వృక్ష పరిశ్రమ సంస్థ నెలకొల్పబడగా, ఆయన దానికి అధిపతి యయ్యెను. 300 ఎకరముల ఆ నల్లరేగడి భూమిలో, ఆయన పేరు నిలిపిన కార్యము జరిగెను.

పేడలో అధికభాగము పిడకలై పొయ్యిలోనికి పోవుచుండెను. పత్తికంపయు ఆకులలములును వ్యర్థమగుచుండెను. నేలనుండి తీసినది నేలకు తిరిగి చేరకుండెను. ఆయన రెండడుగుల లోతు గుంటలలో చెత్తను, పేడను, పశువుల మూత్రముతో తడిసిన కొట్టపు మట్టిని, కట్టెల బూడిదను పొరలుగా పరపించెను. తగినంత నీరు చిలికించి, మూడుమారులు తిరుగవేయించెను. మూడు నెలలలో అది నల్లని కమ్మని ఎరువుగా మారెను. ఇదియే ఇందూరు పద్ధతి.

ఇందులోని రహస్యము దున్నని సేద్యమునకు మిక్కిలి ముఖ్యము. ఎండుగడ్డిని తిన్నగా మట్టిలో వేసినచో, దానిని క్రుళ్లజేయు సూక్ష్మజీవులు మొదట నేలలోని నత్రజనిని తామే తీసికొనును, పైరు పసుపుబారును. గడ్డిలో కర్బనము అధికము, నత్రజని స్వల్పము. సుమారు 30 పాళ్ల కర్బనమునకు ఒక పాలు నత్రజని యుండునట్లు కలిపినప్పుడు కుళ్లుట చక్కగా జరుగును. ఆ తగవును గుంటలోనే ముగించి, సిద్ధమైన ఆహారమును పైరునకు పెట్టుట హోవర్డు చూపిన మార్గము.

1930వ సంవత్సరమున గాబ్రియెల్ మరణించెను. మరుసటి సంవత్సరము ఆయన ఇండియాను విడిచెను. అదే యేట సహచరుడైన వై. డి. వాడ్‌తో కలిసి వ్రాసిన గ్రంథమున ఇందూరు పద్ధతిని ప్రకటించెను. 1934లో సర్ బిరుదు పొందెను. 1940లో వెలువడిన యాన్ అగ్రికల్చరల్ టెస్టమెంట్ అను గ్రంథమున అడవిని ఆదర్శముగా చూపెను. అడవిని ఎవరును దున్నరు; అచ్చట నేల ఎన్నడును వట్టిగా నుండదు; రాలిన ఆకే ఎరువగును. 1947 అక్టోబరు 20న ఆయన కన్నుమూసెను.

ఆయనయందును లోపము లేకపోలేదు. రసాయనిక ఎరువులను ఆయన పూర్తిగా నిరాకరించెను. భిన్నాభిప్రాయము గల శాస్త్రజ్ఞులను కఠినముగా విమర్శించెను. భిలాయి కర్మాగారమున బొగ్గును కోకుగా మార్చునప్పుడు వెలువడు అమ్మోనియానుండి అమ్మోనియం సల్ఫేటు తయారగును. అందులో సుమారు 21 పాళ్లు నత్రజని గలదు, గంధకమును గలదు. దీనిని విషమని త్రోసివేయుట న్యాయము కాదు. ఇదొక్కటే చాలుననుటయు న్యాయము కాదు.

నేటి అనుభవము రెంటిని కలిపి చూపుచున్నది. గుంటూరు ప్రాంతమున వరి తరువాత దున్నకయే మొక్కజొన్న విత్తు రైతులు ఈ సంగతి ఎరుగుదురు. యూరియాను గడ్డిమీద చల్లినచో కొంత అమ్మోనియాగా గాలిలో కలిసిపోవును. మొక్క ప్రక్కన గుంటచేసి వేసి మట్టి కప్పినచో వేరుకు అందును. భాస్వరము పడినచోటనే నిలుచును గనుక విత్తనము చెంతనే వేయవలెను. తివ్‌రా, మినుము మొదలగు పప్పుజాతులు వేళ్ల బుడిపెలలోని జీవులచేత గాలినుండియే నత్రజని గ్రహించును. వీటన్నిటికిని ఆధారము మట్టిలోని జీవము. అది హోవర్డు చూపినట్లు తిరిగి ఇచ్చుటవలననే నిలుచును.

ఆదికాండము 2వ అధ్యాయమున తోటనుగూర్చి తెలుగులో సేద్యపరచుట అని అనువదింపబడిన హెబ్రీ క్రియకు సేవించుట అను అర్థమును గలదు. ఆ రెండు అర్థములు వేరుకావని ఈ జీవితము తెలుపుచున్నది.

చదువరులలో అనేకులకు స్వగ్రామమున కొంత పొలముండవచ్చును. దానిని కౌలుకిచ్చి, యేటేట శిస్తు పుచ్చుకొని, నేల సంగతి మరచియుండవచ్చును. ఒక్క యేటికే కౌలు పొందినవాడు రాబోవు సంవత్సరముల కొఱకు నేలను ఏల పోషించును? కోతయంత్రము పోయిన పిమ్మట గడ్డికి నిప్పు పెట్టుట అతనికి సులభము. ఈ సారి శిస్తు మాటకు ముందు ఆ గడ్డి మాట ఎత్తుడి. కౌలు గడువు పెంచుడి. ఎరువుగుంట కూలిలో పాలు పంచుకొనుడి. నేల మనకు పెట్టినదానిలో కొంత నేలకు తిరిగి చేర్చుట దాతృత్వము కాదు, అది ఋణము.