కథల వీథిలో పుట్టిన రాజ్ కపూర్

పెషావరు నగరమున కిస్సా ఖ్వానీ బజారను ప్రాచీనమైన వీథి యొకటి కలదు. కథకుల వీథి యని ఆ పేరున కర్థము. పూర్వము కనుమల మీదుగా ఒంటెలపై సరకులు తెచ్చు వర్తకులు ఆ వీథిలోని సత్రములలో విడిసి, రాత్రులందు తేనీరు త్రాగుచు దేశదేశముల కథలు చెప్పుకొనెడివారట. ఆ వీథికి చేరువనే దివాన్ బశేశ్వరనాథ్ కపూర్ అను ఉద్యోగి పెద్ద మేడ యొకటి కట్టించెను. ఆయన మనుమడు రాజ్ కపూర్ 1924వ సంవత్సరము డిసెంబరు 14వ తేదీన ఆ మేడలో జన్మించెను.

ఆ కుటుంబమునకు నటనతో పూర్వసంబంధ మేమియు లేదు. ఆ కాలమున మర్యాదగల కుటుంబములవారు నటనను గౌరవప్రదమైన వృత్తిగా నెంచెడివారు కారు. ఆ కట్టుబాటును మొదట త్రోసిరాజన్నవాడు రాజ్ తండ్రి పృథ్వీరాజ్ కపూర్. ఆయన న్యాయశాస్త్రాధ్యయనమును నడుమనే విడిచి, 1920 దశాబ్ది చివర బొంబాయి చేరి మూగ చిత్రములలో నటుడయ్యెను. 1931లో వెలువడిన మొదటి భారతీయ టాకీ చిత్రము ఆలం ఆరాలో కూడ ఆయన నటించెను. పిదప కలకత్తాలోని న్యూ థియేటర్సు సంస్థలో చేరి ఆజానుబాహువైన నటుడుగా పేరుగాంచెను. తండ్రి వెంట ఊరూరు తిరుగుచుండుటచేత రాజ్ చదువు స్థిరముగా సాగలేదు. పదియేండ్ల ప్రాయమున, 1935లో, ఇంక్విలాబ్ అను చిత్రమున అతడు తొలిసారి తెరపై కనబడెను.

పృథ్వీరాజ్ 1944లో పృథ్వీ థియేటర్సు అను నాటక సమాజమును స్థాపించి దేశమంతట సంచరించుచు, హిందూ మహమ్మదీయుల సఖ్యమును ప్రబోధించు నాటకములను ప్రదర్శించెను. ఆట ముగిసినంతనే ఆ మహానటుడు ద్వారముకడ తలవంచి జోలె పట్టుకొని నిలుచుండెడివాడు. ప్రేక్షకులు వెడలిపోవుచు తమకు తోచినది ఆ జోలెలో వేసెడివారు. ఆ ధనము సత్కార్యములకు వినియోగపడెడిది. పేరు ప్రతిష్ఠలు గల తండ్రి యట్లు జోలె పట్టుట చూచుచు పెరిగిన కుమారునికి, ప్రేక్షకుని యెదుట గర్వము తగదని వేరుగ బోధింప నక్కరలేకపోయెను.

రాజ్ మెట్రిక్యులేషను పరీక్షలో తప్పెను. ఇక చదువు సాగదని గ్రహించి తాను చిత్రనిర్మాణము నేర్చుకొందునని తండ్రితో చెప్పెను. పృథ్వీరాజ్ తలచుకొన్నచో కుమారుని ఒక్కరోజులో కథానాయకుని చేయగలిగియుండును. ఆయన ఆ పని చేయలేదు. కేదార్ శర్మ అను దర్శకునికడ అందరికంటె చిన్న సహాయకునిగా చేర్చెను. చిత్రము తీయునపుడు కెమేరా ముందర దృశ్యము సంఖ్య వ్రాసిన పలకను పట్టి చప్పుడు చేయుట రాజ్ పని. ఆ కుర్రవాడు పలక పట్టుటకు ముందు కెమేరా యెదుట తల దువ్వుకొనుచుండెడివాడు. ఒకనాడు అట్లు చేసి పలకను తొందరపాటున మూయగా, ఎదుటనున్న నటుని పెట్టుడు గడ్డము దానిలో చిక్కి ఊడివచ్చెనట. శర్మ కోపము పట్టలేక రాజ్ చెంపపై కొట్టెను. ఆ దెబ్బకు పృథ్వీరాజ్ కుమారుడు మారు పలుకలేదు. పశ్చాత్తాపము చెందిన శర్మ కొలదికాలమునకే తన నీల్ కమల్ చిత్రమునకు అతనినే నాయకునిగా నెన్నుకొనెనని చెప్పుదురు. ఆ చిత్రము 1947లో వెలువడెను. అంతకు ముందటి సంవత్సరముననే రాజ్‌కు కృష్ణాదేవితో వివాహమయ్యెను.

మరుసటి యేట, ఇరువదిమూడేండ్ల వయసున, రాజ్ కపూర్ ఆర్.కె. ఫిలింసు అను సంస్థను స్థాపించి, తానే నిర్మాతయు, దర్శకుడును, నాయకుడునై ఆగ్ అను చిత్రము తీసెను. న్యాయవాద వృత్తిని కాదని నాటకశాలను నమ్ముకొని, అగ్నిలో ముఖము కాలి వికృతమైనను తన కోరికను విడువని యువకుని కథ అది. ఆ చిత్రము ధనము తేలేదు. కాని 1949లో వచ్చిన బర్సాత్ దేశమును ఉఱ్ఱూతలూగించెను. ఒక చేత వయొలిన్, వేరొక చేతిమీద వాలిన యువతి గల ఆ చిత్రములోని దృశ్యమే ఆర్.కె. సంస్థకు ముద్ర యయ్యెను. ఆ ధనముతో బొంబాయి శివారునగల చెంబూరులో స్థలము కొని రాజ్ తన సొంత స్టూడియోను కట్టించెను.

ఈ సంస్థను కపూర్ కుటుంబ సంస్థ యనుట వాడుక. అది నిజమే గాని, పూర్తి నిజము కాదు. దానిని నిలబెట్టినవారిలో రక్తసంబంధము లేనివారే యెక్కువ. సంగీత దర్శకులు శంకర్, జైకిషన్‌లు పృథ్వీ థియేటర్సులో వాద్యగాండ్రు. పాటలు వ్రాసిన హస్రత్ జైపురి బస్సు కండక్టరు. మరియొక కవి శైలేంద్ర రైల్వే కార్ఖానాలో పనివాడు. ఒక సభలో శైలేంద్ర పద్యము విని రాజ్ తన చిత్రమునకు దాని నిమ్మని యడిగెను. తన కవిత్వము అమ్మకమునకు కాదని ఆ కవి తిరస్కరించెను. కొంతకాలమునకు ఇంట అవసరము వచ్చిపడగా శైలేంద్ర తానై రాజ్ కడకు వచ్చి 500 రూపాయలు తీసికొని, వానికి మారుగా బర్సాత్‌కు రెండు పాటలు వ్రాసి యిచ్చెను. అది మొదలు ఆ స్నేహము శైలేంద్ర జీవితాంతము నిలిచెను. కథలు వ్రాసిన ఖ్వాజా అహమ్మద్ అబ్బాస్, ఛాయాగ్రాహకుడు రాధూ కర్మాకర్, నాయకునికి తన గళము నిచ్చిన ముకేష్, రాజ్‌తో 16 చిత్రములలో నటించిన నర్గీస్ - వీరందరును ఆ కొలువువారే.

1951లో ఆవారా వచ్చెను. మంచివాని కొడుకు మంచివాడును, దొంగ కొడుకు దొంగయు నగునని నమ్మిన న్యాయాధిపతి ఒకడు భార్యను ఇల్లు వెడలగొట్టును. మురికివాడలో పెరిగిన ఆయన కుమారుడు దొంగయై తుదకు తండ్రి యెదుటనే బోనులో నిలుచును. గుణము పుట్టుకతో రాదు, పెరిగిన చోటునుబట్టి వచ్చునని చెప్పు కథ యది. ఇందలి చమత్కార మేమనగా, ఆ న్యాయాధిపతి పాత్రను ధరించినవాడు రాజ్ కన్నతండ్రి పృథ్వీరాజే. తాత బశేశ్వరనాథ్ సైతము న్యాయపీఠముపై కొద్దిసేపు కనిపించును. నాయకుని బాల్యమును నటించినది తమ్ముడు శశి. పుట్టుకకంటె పెంపకమే ప్రధానమని వాదించుటకు మూడు తరముల కుటుంబము ఒకే తెరపైకి వచ్చెను! చిత్రములోని స్వప్నదృశ్య మొక్కదానికే మూడు మాసములు పట్టెను. 1954లో ఆవారా సోవియట్ దేశమున విడుదలకాగా ఆరు కోట్లకు మించి టిక్కెట్లు అమ్ముడుపోయెను. ఆ యేట మాస్కోకు వెళ్లిన రాజ్, నర్గీస్‌లకు అచటి ప్రజలు బ్రహ్మరథము పట్టిరి. యుద్ధములో సర్వమును పోగొట్టుకొనిన ఆ ప్రజలకు, చిరిగిన కోటు ధరించి నవ్వుచు పాడు ఆ దిక్కులేని యువకుడు ఆత్మబంధువుగా తోచెను.

1955లో వచ్చిన శ్రీ 420 నాయకుడు పట్టభద్రుడు. సత్యసంధతకై పొందిన పతకమును బొంబాయిలో ఆకలికి తాళలేక తాకట్టుపెట్టును; పిమ్మట మోసగాండ్ర చేత చిక్కును. స్వాతంత్ర్యము వచ్చిన క్రొత్తలో ఉద్యోగములకై నగరములు చేరిన యువకులు ఆ కథలో తమ్ము తాము చూచుకొనిరి. సంగీత దర్శకుడు శంకర్ బాల్యము హైదరాబాదులో గడచెను. అతనికి తెలుగు వచ్చును. కావుననే ఈ చిత్రములోని ఒక పాట తెలుగు పిలుపుతో మొదలగును. ఉత్తరదేశమున ఎందరో అర్థము తెలియకయే దానిని పాడుకొనిరి. అంతకు రెండేండ్ల ముందు ఆర్.కె. వారి ఆహ్ అను చిత్రము హిందీలో ఆదరణ పొందకపోయినను, ఆరుద్ర తెలుగు మాటలు, పాటలు సమకూర్చగా ప్రేమలేఖలు అను పేర మన నాట ఇంటింట మారుమ్రోగెను.

ఇతరులకు దర్శకత్వ మొసగి నిర్మాతగా నిలుచుటయు ఆయనకు తెలియును. బాల భిక్షుకుల కథ యగు బూట్ పాలిష్, దాహమునకు నీరు వెదకుచు ఒక భవనములో చిక్కిన పల్లెటూరివాని కథ యగు జాగ్‌తే రహో అట్టివి. రెండవదానికి 1957లో కార్లొవీ వారీ చలనచిత్రోత్సవమున ప్రథమ బహుమానము లభించెను. దాని తరువాత నర్గీస్ ఈ సంస్థ నుండి తొలగెను. 1964లో విదేశములలో కూడ తీసిన రంగుల చిత్రము సంగం విశేషముగా ధనము నార్జించెను.

ఆ ధనమంతయు, ఆపైన అప్పులును, ఒక్క చిత్రమునకు ధారపోయబడెను. దాని పేరు మేరా నామ్ జోకర్. తన దుఃఖమును దాచి లోకమును నవ్వించు సర్కసు విదూషకుని జీవితమును రాజ్ ఆరేండ్లు శ్రమించి తీసెను. సోవియట్ సర్కసు కళాకారులను రప్పించెను. విదూషకుని బాల్యమును కుమారుడు రిషి నటించెను. రెండు విరామములతో నాలుగు గంటలకు పైగా సాగిన ఆ చిత్రము 1970 డిసెంబరులో విడుదలయ్యెను. ప్రజలు దాని నాదరింపలేదు. స్టూడియోతో సహా ఆస్తి తాకట్టులోనికి పోయెను. కష్టములు ఒంటరిగా రావందురు. 1971లో జైకిషన్ మరణించెను. 1972 మే 29న పృథ్వీరాజ్ కాలధర్మము చెందెను. పదునారు దినములలో తల్లియు భర్తను అనుసరించెను. కవి శైలేంద్ర 1966లోనే, సరిగా రాజ్ పుట్టినరోజున, గతించియుండెను.

ఏబదియేండ్లకు చేరువగుచున్న మనిషి, నెత్తిపై ఋణము, తోడుగా నుండినవారు ఒక్కొక్కరుగా దూరము. అట్టి స్థితిలో వేరొకడైనచో స్టూడియో నమ్మి ఋణము తీర్చుకొని ఊరకుండెడివాడు. రాజ్ మరల చిత్రము తీయ సంకల్పించెను. పేరుమోసిన నటులకు పారితోషిక మిచ్చు స్తోమతు లేకపోవుటచేతనే తన్ను నాయకుని చేసెనని రిషి తరువాతి కాలమున నవ్వుచు చెప్పుచుండెడివాడు. నాయిక డింపుల్ కపాడియాకు అదియే మొదటి చిత్రము. ధనికుని కొడుకు, బెస్త కుటుంబపు పిల్ల - వీరి కథ యగు బాబీ 1973లో విడుదలై అఖండ విజయము సాధించెను. ఋణములు తీరెను; స్టూడియో నిలిచెను.

పిమ్మటి చిత్రములలో వితంతు వివాహమును సమర్థించు ప్రేమ్ రోగ్ మెచ్చదగినది. 1978లోని సత్యం శివం సుందరం, 1985లోని రాం తేరీ గంగా మైలీ చిత్రములందలి కొన్ని దృశ్యములను పెద్దలు హర్షింపలేదు. ఆ యాక్షేపణ అకారణము కాదు. ఆవారా తీసిన చేతికి అట్టి ఆకర్షణలతో పనిలేదు.

ఉబ్బసవ్యాధి ఆయనను చిరకాలము బాధించెను. 1988 మే 2న ఢిల్లీలోని సిరి ఫోర్టు మందిరమున దాదాసాహెబ్ ఫాల్కే బహుమాన ప్రదానము జరుగుచుండగా ఊపిరాడక ఆయన ఆసనమునందే క్రుంగిపోయెను. రాష్ట్రపతి వెంకటరామన్ సభామర్యాదను ప్రక్కనబెట్టి, వేదిక దిగివచ్చి, ఆయన చేతికే ఆ బహుమానమును అందించెను. అచటినుండి ఆసుపత్రికి చేర్చబడిన రాజ్ కపూర్ ఒక మాసము మృత్యువుతో పోరాడి జూన్ 2న కన్నుమూసెను.

ఆయన అప్పటికే హెన్నా అను చిత్రమును తలపెట్టియుండెను. సరిహద్దు నదిలో కొట్టుకొనిపోయి పాకిస్తానమున తేలిన భారతీయుని, అతనిని కాపాడిన పల్లెపడుచును గూర్చిన కథ యది. పెద్ద కుమారుడు రణధీర్ దానిని పూర్తిచేసి 1991లో విడుదల చేసెను. చిన్న కుమారుడు రాజీవ్ 1996లో ఒకటి, రిషి 1999లో ఒకటి తీసిరి. అంతటితో ఆర్.కె. ముద్రతో చిత్రములు వచ్చుట ఆగిపోయెను. నటులుగా ఆ కుటుంబమువారికి లోటు లేదు. ఆడపిల్లలు నటింపరాదను ఇంటి కట్టుబాటు కూడ 1991లో మనుమరాలు కరిష్మాతో తెగిపోయెను. కొరవడినది, సర్వమును ఒడ్డి కొలువుదీర్చు ఒక్క మనిషి.

2017 సెప్టెంబరు 16న చెంబూరు స్టూడియోలో అగ్నిప్రమాదము సంభవించెను. ప్రాణనష్టము కలుగలేదు గాని, నర్గీస్ నాటినుండి భద్రపరచిన దుస్తులు, చిత్రములలో వాడిన వస్తువులు పెక్కు బూడిదయ్యెను. తిరిగి కట్టుట లాభసాటి కాదని, చిత్రపరిశ్రమ నగరపు వేరొక దిక్కునకు తరలిపోయినదని ఆలోచించి కుటుంబమువారు 2018లో అమ్మకమునకు నిశ్చయించిరి. ఆ యేటి అక్టోబరు 1న కృష్ణాదేవి మరణించెను. 2019లో ఆ స్థలము గృహనిర్మాణ సంస్థ పరమయ్యెను. తుది వరకు నిలిచిన ఆస్తి ఫిల్ము డబ్బాలు. ఆ చిత్రముల మూల ప్రతులను రణధీర్ పూనాలోని జాతీయ చలనచిత్ర భాండాగారమున కప్పగించెను.

రాజ్ కపూర్ పుట్టి నూరేండ్లు నిండిన 2024 డిసెంబరులో ఆయన చిత్రములు పదింటిని మూడు దినములపాటు దేశములోని 40 నగరములలో మరల ప్రదర్శించిరి. టిక్కెట్టు ధర నూరు రూపాయలు. ఆవారా, శ్రీ 420, బాబీలతో పాటు, ఒకప్పుడు ఆ యింటిని తాకట్టు పెట్టించిన మేరా నామ్ జోకర్ కూడ ఆ పదింటిలో నుండెను.